పవర్ సప్లైల ఎగుమతికి అణు ఆంక్షలు అవసరమా?

ఒంగోలు, వర్క్‌షాపు యజమాని:
మాది ప్లేటింగ్ రెక్టిఫైయర్లు, అంటే లోహపు పూత పనికి డి.సి. కరెంటు ఇచ్చే సప్లైలు తయారుచేసే వర్క్‌షాపు. ఎగుమతి కోసం ఆరా తీస్తే, కొన్ని రకాల డి.సి. సప్లైలు అణు సరఫరాదారుల బృందం (అణ్వాయుధాలకు పనికొచ్చే సరుకుల ఎగుమతిని అదుపుచేసే దేశాల కూటమి) జాబితాలో ఉన్నాయని, వాటికి లైసెన్సు కావాలని తెలిసింది. కారణం 1940లలో బాంబు కోసం యురేనియం రకాలను వేరుచేసిన కాలుట్రాన్ యంత్రమట. అందరూ వదిలేసిన పద్ధతి కోసం మమ్మల్ని ఎందుకు ఇబ్బంది పెట్టాలి?

కావలి, ఫిజిక్స్ లెక్చరర్:
ఆ నిబంధన ఉండాల్సిందే. కాలుట్రాన్ ప్రాణమంతా కరెంటు సప్లైలోనే ఉంది. యురేనియం అయాన్లను సుమారు 35 వేల వోల్టులతో వేగవంతం చేసి, అయస్కాంత క్షేత్రంలో అర్ధవృత్తంగా తిప్పుతారు. బాంబుకు కావలసిన యురేనియం-235కూ, ఎక్కువగా దొరికే యురేనియం-238కీ బరువులో తేడా 1.3 శాతమే. వోల్టేజి ఆ మాత్రం తగ్గినా 238 వచ్చి 235 అరలో పడుతుంది. రొయ్యల చెరువుల ఏరియేటర్లు తట్టుకునే ఒడిదుడుకులు అక్కడ కుదరవు. అందుకే 8 గంటలపాటు 0.1 శాతం కూడా చలించని సప్లైలనే జాబితాలో పెట్టారు: 20 వేల వోల్టుల వద్ద 1 ఆంపియర్, లేదా అయస్కాంతాలకైతే 100 వోల్టుల వద్ద 500 ఆంపియర్లు, ఆపైన. మీ రెక్టిఫైయర్ వేల ఆంపియర్లు ఇచ్చినా, పది పన్నెండు వోల్టులదైతే దీని కిందికి రాదు.

వదిలేసిన పద్ధతి అనుకోవడమే ప్రమాదం. ఇరాక్ రహస్యంగా ఇదే దారి పట్టింది. 1991 యుద్ధం తర్వాత తనిఖీలు జరిగేదాకా ప్రపంచానికి తెలియలేదు.

నెల్లూరు, ఎలక్ట్రికల్ ఇంజినీరు:
నేను ఒప్పుకోను. యుద్ధకాలంలో రాగి కొరత వస్తే అమెరికా ఖజానా వెండిని వేల టన్నులు తెచ్చి, కాలుట్రాన్లు నడిచిన ఓక్‌రిడ్జ్‌లో అయస్కాంతాల కాయిల్స్‌కు వాడారు. అంత పట్టుదల ఉన్న ప్రభుత్వాన్ని జాబితా ఆపుతుందా? అదే కాలుట్రాన్లు తర్వాత దశాబ్దాలపాటు వైద్యానికి ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు వేరైన రకాలు) ఇచ్చాయి. గుండె పరీక్షల థాలియం-201కు ముడిసరుకైన థాలియం-203 వాటి నుంచే వచ్చింది. లైసెన్సు ఆలస్యమైతే నష్టపోయేది రోగులు.

కావలి, ఫిజిక్స్ లెక్చరర్:
పట్టుదల ఒక్కటే చాలదండీ. 1943 చివర్లో ఆ ఓక్‌రిడ్జ్‌లోనే చల్లబరిచే నూనెలోని తుప్పు, మురికి వల్ల అయస్కాంతాల కాయిల్స్ షార్ట్ అయి, తయారీదారుకు తిప్పి పంపారు. అన్నీ ఉన్న అమెరికాకే అలా నెలలు పోయాయి. బజారులో కొనే వీలు లేనివాడికి ఏళ్లు పడుతుంది, ఆ వ్యవధిలో పట్టుబడే అవకాశం ఉంటుంది. లైసెన్సు నిషేధం కాదు, కొనేదెవరో అడగడం. ఆసుపత్రుల సరుకుకు గడువులోగా అనుమతి ఇమ్మని మీతోపాటు నేనూ అడుగుతాను. జాబితా ఎత్తేయమని మాత్రం అడగను.

ఒంగోలు, వర్క్‌షాపు యజమాని:
మేము తయారుచేస్తున్న కొత్త మోడల్ 120 వోల్టులు, 600 ఆంపియర్లు. 8 గంటల నిలకడను కొలిచే పరికరం మా దగ్గర లేదు. దీన్ని ఎక్కడ పరీక్ష చేయించాలో చెప్పగలరా?