జర్నైల్ సింగా, నయీముద్దీనా? గొప్ప డిఫెండర్ కెప్టెన్ ఎవరు?

ఎడమకాల్వ (నల్లగొండ):
భారత ఫుట్‌బాల్‌లో గొప్ప డిఫెండర్, గొప్ప కెప్టెన్ అనగానే అందరి నోటా జర్నైల్ సింగ్ పేరే. సయ్యద్ నయీముద్దీన్‌ను ఎవరూ తలచుకోరు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీములో ఎదిగిన మనిషి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్. జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చారు. ఆ తర్వాత మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం మళ్లీ రానే లేదు. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య. నా ఓటు ఆయనకే.

పాలమూరు పోరడు:
కాంస్యం పెద్దదా, బంగారం పెద్దదా అన్నా? మనం బంగారం గెలిచిన 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ తలకు కుట్లు పడ్డాయి. కట్టుతోనే దిగాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్. ఆయన తర్వాతే ఎవరైనా.

ఎడమకాల్వ:
ఆ రెండు మ్యాచుల్లో ఆయన్ని కోచ్ రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫార్వర్డ్‌గా వేసిన గోల్స్ డిఫెండర్ లెక్కలో ఎట్లా రాస్తావు? పైగా ఆ జట్టు కెప్టెన్ చునీ గోస్వామి. ఇక్కడ అడిగింది డిఫెండర్ కెప్టెన్ గురించి.

జడ్చర్ల జంక్షన్:
ఆ మ్యాచ్ మీ ఇద్దరూ చూడలేదు. నేనూ చూడలేదు. కానివ్వండి.

పాలమూరు పోరడు:
స్టాపర్, అంటే నడిమి డిఫెండర్, వెళ్లి ఫైనల్లో గోల్ కొడితే అది తక్కువైందా? ఆ తర్వాత జర్నైల్ ఇండియా కెప్టెన్ అయ్యాడు, ఆసియా ఆల్‌స్టార్స్ జట్టుకూ కెప్టెన్ చేశారు. ఊరికే చేస్తారా?

ఎడమకాల్వ:
మళ్లీ గోల్ దగ్గరికే వచ్చావు. ఆయన ఆపిన బంతుల గురించి ఒక్క ముక్క చెప్పు చూద్దాం.

దేవరకొండ పీఈటీ:
ఇద్దరూ రహీం సాబ్‌ను దాటేసి పోతున్నారు. 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు (బొంబాయిలో జరిగే పెద్ద టోర్నీ) ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్‌దే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం, అప్పుడూ కోచ్ ఆయనే. 1963లో ఆయన పోయాక ఇక్కడి ఆట పడిపోతూ వచ్చింది. మంచి ఆటగాళ్లు కోల్‌కతా క్లబ్బులకు వెళ్లిపోయారు. నయీముద్దీన్ కూడా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. తప్పేం లేదు, పేరూ డబ్బూ అక్కడే ఉన్నాయి.

ఎడమకాల్వ:
అదే నా బాధ సార్. మనోళ్ల ఆటను కోల్‌కతా వాడుకుంది, పొగడ్త మాత్రం వేరేవాళ్లకు పోయింది.

పాలమూరు పోరడు:
జర్నైల్ మాత్రం ఎక్కడ ఆడాడు? మోహన్ బగాన్‌లో. అదీ కోల్‌కతానే కదా! నయీముద్దీన్‌ను అక్కడివాళ్లేం మరిచిపోలేదు. 1990లో ఆయన కోచింగ్‌లోనే ఈస్ట్ బెంగాల్ డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడు టోర్నీలూ గెలిచింది. మరిచిపోయింది ఇక్కడివాళ్లే.

ఎడమకాల్వ:
పంజాబ్ ఆటగాడి మీదున్న ప్రేమలో సగమైనా మనోడి మీద లేదు నీకు. అసలు తెలంగాణోడివేనా?

జడ్చర్ల జంక్షన్:
అబ్బా, మొదలైంది.

పాలమూరు పోరడు:
తెలంగాణోణ్ణే. అందుకే అడుగుతున్నా. బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్ హైదరాబాద్. ఆ కాలం ఆటగాళ్లలో మీ నల్లగొండ నుంచి ఒక్కరి పేరు చెప్పండి. మా పాలమూరు నుంచి నేను చెప్పలేను. నేను లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ణి. తెల్లారకముందే బస్సెక్కి సిటీలో సెలెక్షన్‌కు పోయిన. ఏ జిల్లా అని అడిగి పక్కన కూర్చోబెట్టారు. పొద్దుగూకే ముందు కాసేపు ఆడించారు, బంతి నా వైపు ఒక్కసారి రాలేదు. బూట్లు కొన్న అప్పు మాత్రం మా నాయన తీర్చుకున్నాడు. సిటీ వాళ్ల గొప్పను నా గొప్ప అని చెప్పుకోమంటే ఎట్లా అన్నా?

దేవరకొండ పీఈటీ:
ఇప్పటికీ అంతే తమ్మీ. మా బడి గ్రౌండులో గోల్‌పోస్టులు ఉన్నాయి, నెట్లు లేవు. వాటి నడుమ కబడ్డీ కోర్టు గీసుకున్నాం. పిల్లలు జిల్లా దాటేది కబడ్డీలోనే.

ఎడమకాల్వ:
నీకు జరిగింది అన్యాయమే, కాదనను. దానికి నయీముద్దీన్ ఏం చేస్తాడు?

పాలమూరు పోరడు:
ఆయన్ని ఎక్కడన్న అన్నా? పెద్ద డిఫెండరే. నా లెక్కలో జర్నైల్ తర్వాత ఆయనే. నేను అంటున్నది మిమ్మల్ని. రహీం కాలంలో ఆట అందరికీ అందినట్టు రాస్తున్నారు కదా, అది సిటీ దాటి ఎప్పుడొచ్చింది?

ఎడమకాల్వ:
అది వేరే చర్చ. కావాలంటే కొత్తగా మొదలుపెట్టు, నేనూ రాస్తా. ఇక్కడ మాత్రం ఫార్వర్డ్‌గా కొట్టిన గోల్‌ను నేను ఒప్పుకోను.