రాచపీతా, రాచపీనుగా?

ఉత్తరధ్రువం: ఒక మాట నాలుగు రోజులుగా బుర్ర తినేస్తోంది. కాకినాడ దగ్గర ఉప్పుటేరు పక్కన ఉండే మా అమ్మమ్మ "రాచపీత తోడు లేకుండా పోదు" అనేది. అది గుర్తొచ్చిందేమో నార్వే కొసన, రష్యా సరిహద్దు పక్కన, కిర్కెనెస్‌లో. మంచు కోసిన కంతలోంచి బోను లాగారు, నిండా ఎర్ర కింగ్ క్రాబ్‌లు. ఒకటి నా చేతికిచ్చారు. ఒళ్లంతా ముళ్లు, చేతులు బార్లా చాపితే గానీ దాని కాళ్లు అందలేదు. "రాచపీత" అని నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఈ సామెత ఇంకెవరైనా విన్నారా?

గోదారిగట్టు: అది రాచపీనుగ అండీ. అప్పటికి మీ అమ్మమ్మగారికి పళ్లున్నాయా?

ఉత్తరధ్రువం: పీత డెక్కలు పళ్లతోనే పగలగొట్టేది. నేను విన్నది పీతే.

పాతపుస్తకం: రాచపీనుగ కూడా తర్వాత వచ్చి చేరిందని నా అనుమానం. అసలుది శనిపీనుగ. శనివారం శవం లేస్తే పాడెకి కోడిపిల్లని కట్టడం చూడలేదా? ఆ కోడిపిల్లే తోడు.

గోదారిగట్టు: రెండూ ఉన్నాయి, రెండూ వేరు. రాజు పోతే ఒక్కడే పోడు, నలుగుర్ని పట్టుకుపోతాడు అని దాని అర్థం. అన్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఇకారాంతం: సామెత సంగతి సరే, ముందు "రాచ" దగ్గర ఆగండి. రాజపీత అనాలా రాచపీత అనాలా? పీత దేశ్యం కాబట్టి రాచబాట, రాచనగరులాగా రాచపీతే. అయితే రాచ అంటే పెద్దది అనుకోకండి, రాచ ఉసిరి మామూలు ఉసిరికన్నా చిన్నది. ఇంకో తమాషా. కాన్సర్‌ని మనవాళ్లు రాచపుండు అన్నారు. లాటిన్‌లో కాన్సర్ అంటే పీత. రాచకీ పీతకీ ఆ దారిలో చుట్టరికం ఉందేమో!

పాతపుస్తకం: మధుమేహం ఉన్నవాళ్లకి వీపు మీద లేచేది కూడా రాచపుండే. దానికీ పీతకీ ఏమిటి సంబంధం? మీరు రోజుకో చుట్టరికం కలుపుతున్నారు.

రొయ్యలచెరువు: మధ్యలో దూరుతున్నా, అసలు అది పీతే కాదు. కాళ్లు లెక్కపెట్టారా? మన మండపీతకి డెక్కలు కాక నాలుగు జతలు. దీనికి పైకి మూడే కనపడతాయి, నాలుగో జత బుల్లిగా చిప్ప లోపల దాక్కుని మొప్పలు తుడుస్తూ ఉంటుంది. శంఖంలో దూరి బతికే పీతలున్నాయే, ఇంగ్లీషువాళ్లు సన్యాసి అని పేరు పెట్టినవి, వాటి వంశం నుంచే ఇది వచ్చిందని 1992లో డీఎన్ఏ చూసి తేల్చారు. ఆడదాని పొట్టకింద మడత ఇప్పటికీ ఒకవైపుకి వంకర. శంఖం పోయినా వంకర పోలేదు. సన్నాసి వంశంలో రాజు పుట్టాడన్నమాట. పైగా అది నార్వేదీ కాదు. సొంతూరు కమ్చాట్కా, అలాస్కా వైపు చల్లటి సముద్రాలు. 1960ల్లో సోవియట్ వాళ్లు తెచ్చి మూర్మాన్స్క్ దగ్గర వదిలితే, 1977కల్లా నార్వేలో తేలింది.

ఇకారాంతం: మా ఇంటర్ జువాలజీలో కింగ్ క్రాబ్ అంటే లిమ్యులస్ కదా?

రొయ్యలచెరువు: అది ఇంకో తలనొప్పి. నీలం రక్తం, గుర్రపు డెక్క ఆకారం, అమెరికా తూర్పు తీరంలో దొరుకుతుంది; మన ఒడిశా తీరంలో దొరికేవి దాని కుటుంబంలోనే వేరే రకాలు. దాని బంధువులు తేళ్లూ సాలీళ్లూ. ఆ పేరు దానికీ పెట్టారు, అంతే. అన్నట్టు అమ్మమ్మగారి మాట ఒక రకంగా నిజమే. ఎర్ర కింగ్ క్రాబ్ పిల్లలు రెండేళ్లు దాటాక వేలకొద్దీ ఒకదాని మీదొకటి ఎక్కి గుట్టగా ఉంటాయి. మేతకి విడిపోయి మళ్లీ గుట్ట కడతాయి. తోడు లేకుండా పోవు.

ఉత్తరధ్రువం: చూశారా!

గోదారిగట్టు: కాకినాడ అమ్మమ్మ అలాస్కా ఎప్పుడెళ్లిందండీ?

పెన్నఒడ్డు: పీత అనగానే విరాటపర్వం ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం. సైరంధ్రిని చూసి సుదేష్ణ ఏమంటుంది? నిన్ను ఇంట్లో పెట్టుకోవడం ఆడపీత తన చావుకి తానే గర్భం దాల్చినట్టు అని. ఇది వ్యాసుడి మాట. మా తిక్కన అక్కడ ఎండ్రి అన్నాడా, కర్కటి అన్నాడా? పుస్తకం ఊళ్లో ఉండిపోయింది. దగ్గరున్నవాళ్లు తీసి చెప్పండి, ఆడవాళ్ల మాటలు రాయడంలో ఆయన్ని మించినవాడు లేడు.

రొయ్యలచెరువు: కాన్పుకి పీత చావదండీ. ఈ కింగ్ క్రాబ్ దాదాపు ఏడాది గుడ్లు పొట్టకింద మోసి, వదిలి, చిప్ప విడిచి, మళ్లీ జతకడుతుంది.

పెన్నఒడ్డు: ఉపమానాన్ని చెరువులో వేసి పరీక్షించకండి సార్.

ఉత్తరధ్రువం: మా పిన్నికి ఫోన్ చేశా. పీత కాదట, పీనుగా కాదట. "రాచపీట" అంటోంది.

గోదారిగట్టు: పీటకి తోడెందుకండీ?

పాతపుస్తకం: పెళ్లిపీటలు ఎప్పుడూ రెండు కదా. ఇది ఆలోచించాల్సిందే.