అద్దాలు కోసింది ఉస్తాదులైతే, కళ మునీర్‌ది ఎలా అవుతుంది?

బ్రిస్బేన్ తెలుగబ్బాయి:
ఇక్కడి క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీలో ఇరాన్ కళాకారిణి మునీర్ ఫర్మాన్‌ఫర్మాయన్ చేసిన ‘లైట్నింగ్ ఫర్ నెదా’ చూశాను. 2009 నాటిది. టెహ్రాన్ నిరసనల్లో తూటాకు చనిపోయిన అమ్మాయి పేరు మీద చేశారు. ఆరు పెద్ద పలకలు, నిండా అద్దం ముక్కలు. దగ్గరికెళ్తే మన మొహం పూర్తిగా ఎక్కడా కనబడదు. ఒక ముక్కలో కన్ను, ఇంకోదాంట్లో చొక్కా గుండీ. అయితే ఆ అద్దాలు కోసి అతికించింది పనివాళ్లట. మరి ఆవిడ చేసిందేంటి?

ఖజ్వీన్ అభిమాని:
మంచి ప్రశ్న. ఇరాన్‌లో ఈ పనిని ఆయినేకారీ అంటారు. దర్గాల్లో, రాజమహళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. న్యూయార్క్‌లో చదువుకుని వచ్చిన మునీర్, షీరాజ్‌లోని షా చెరాగ్ దర్గాలో అద్దాల గోడల ముందు చాలాసేపు కూర్చుండిపోయారట. ఆ తర్వాత అద్దాల పనిలో ఆరితేరిన హాజీ ఉస్తాద్ మొహమ్మద్ నవీద్‌తో కలిసి పని మొదలుపెట్టారు. షట్కోణం తీసుకుని దాన్ని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో, పేర్చొచ్చో కాగితం మీద గీసేవారు. గోడకి అలంకారంగా ఉన్నదాన్ని విడిగా నిలబడే బొమ్మగా, శిల్పంగా మార్చింది ఆవిడే. 1979 విప్లవం తర్వాత పాతికేళ్లు న్యూయార్క్‌లోనే ఉండిపోయారు. అక్కడ ఇలాంటి ఉస్తాదులు ఎక్కడ దొరుకుతారు? ఎక్కువగా డ్రాయింగులు, కొలాజ్‌లు చేశారు. అంటే చేతులు దూరమైనా ఆలోచన ఆగలేదు. 2004లో టెహ్రాన్ తిరిగొచ్చి మళ్లీ వర్క్‌షాప్ పెట్టాకే పెద్ద అద్దాల పనులు ఊపందుకున్నాయి.

బెజవాడ గ్లాస్‌వర్క్:
మీరు చెప్పింది నిజమే కానీ, ఆ చేతుల్ని అంత తేలిగ్గా దాటెయ్యకండి. నేను ఈ పనిలోనే ఉన్నాను. త్రికోణం ముక్క కోసేటప్పుడు అంచు వెంట్రుకవాసి జారితే ఆ ఒక్క ముక్కలో ఏమీ తెలియదు. ఆరు ముక్కలు చుట్టూ పేర్చేసరికి చివరిది లోపల దూరదు, లేదా సందు మిగిలిపోతుంది. అదంతా సర్దుకుంటూ గోడ నింపడం మామూలు విషయం కాదు. కాగితం మీద గీత ఆవిడది, సరే. అద్దంలో దాన్ని నిలబెట్టిన ఉస్తాదుల పేర్లు కూడా గ్యాలరీలో పక్కన పెట్టే పేరు చీటీ మీద రాయాలి అంటాను. సినిమాకి కెమెరామన్ పేరు వేయరా?

ఖజ్వీన్ అభిమాని:
ఒప్పుకుంటాను అన్నా. ఆవిడ కూడా నవీద్ పేరు దాచిపెట్టలేదు. బ్రిస్బేన్ గారూ, ఎప్పుడైనా టెహ్రాన్ వెళ్తే నెగారెస్తాన్ తోటలో 2017లో తెరిచిన మునీర్ మ్యూజియం చూడండి. ఇరాన్‌లో ఒక మహిళా కళాకారిణికి మాత్రమే కేటాయించిన మొదటి మ్యూజియం అది. ఆవిడ 2019లో చనిపోయారు, దాన్ని కళ్లారా చూసుకున్నాకే.