ఈ వారం సమస్య: "చదువుకొన్న పొత్తంబునే చదువలేదు"

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

చదువుకొన్న పొత్తంబునే చదువలేదు

దీన్ని నాలుగో పాదంగా ఉంచి పూరించండి. కొత్తగా చేరినవారి కోసం నియమం మరోసారి చెబుతాను. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి. ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది, ప్రాస నియమం లేదు. ఈ పాదంలో 'చదువు' నగణం, 'కొన్నపొ', 'త్తంబునే' రెండూ రగణాలు, 'చదువ' నగణం, 'లేదు' గలం. యతి చ–చ.

చదివిన పుస్తకాన్నే చదవలేదంటే పైకి పొసగదు. పొసిగించడమే మీ పని. ఒక విన్నపం: ఈసారి పురాణ పాత్రలను పిలవకండి. చదివిందే మళ్లీ చదవడమా, చదవవలసినవాటి వెంట పడడమా అన్న మన గొడవ మీదనే నిలవండి.

పాతపుట:
నా పూరణ.

చిన్ననాడు నే జదివితి చేతబట్టి
తెలిసె ననుకొంటి నంతయు, తిరిగి నేడు
తెఱవ నొక్కొక్క పుటలోన తెలియనిదియె
చదువుకొన్న పొత్తంబునే చదువలేదు

నిర్వాహకుడు:
ధార బాగుంది. ఒక్క సవరణ. 'లోన' ద్రుతాంతం (చివర 'న్' ఉన్న పదం) కాబట్టి సరళాదేశం ('త' 'ద' గా మారడం వంటిది) వచ్చి 'పుటలోన దెలియనిదియె' కావాలి. త, ద లకు మైత్రి ఉంది గనుక యతి చెడదు. సమస్యను అందరికంటే ముందు, అందరికీ తోచే దారిలో పూరించారు. ముందు వచ్చినవారికి ఆ హక్కు ఉంటుంది, తరువాత ఇదే భావంతో వచ్చేవారికి ఉండదు.

ముందుచూపు:
పద్యం సరే, భావం మీద నాకు పేచీ ఉంది. పుటపుటలోనూ తెలియనిదే కనబడిందంటే మొదటిసారి కళ్లు మూసుకుని చదివారా?

పాతపుట:
కళ్లు తెరిచే చదివాను, కథ కోసం చదివాను. తరువాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉన్నప్పుడు కన్ను వాక్యం మీద ఆగదు. కథ ఎటు పోతుందో తెలిశాక మళ్లీ చదివితే, మొదటి అధ్యాయంలో ఒక పాత్ర తలుపు దగ్గర నిలబడి ఊరికే అన్నట్టున్న మాట చివరి అధ్యాయానికి పునాది అని తెలుస్తుంది. ఆ మాట మొదటిసారీ అక్కడే ఉంది. దాన్ని గుర్తుపట్టే జ్ఞానం మాత్రం చివరి పుట చదివినవాడికే ఉంటుంది.

కొత్తకలం:
ఇది నా మొదటి ప్రయత్నం. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కకోసమె చదువుట లెస్స యగునె
పుటలు త్రిప్పుచు బరుగిడి పూర్తి చేసి
నేడు మరచితి నందలి పేరు కూడ
చదువుకొన్న పొత్తంబునే చదువలేదు

నిర్వాహకుడు:
స్వాగతం. గణాలన్నీ సరిపోయాయి, మొదటి ప్రయత్నానికి అది తక్కువేమీ కాదు. మూడో పాదంలో యతి తప్పింది. నే–పే కుదరవు.

కొత్తకలం:
రెండింటిలోనూ ఏత్వమే ఉంది కదండీ?

నిర్వాహకుడు:
అచ్చులు కలిస్తే సగం పనే అయింది, హల్లులు కూడా కలవాలి. 'ప' కి ఫ, బ, భ, వ లు మిత్రులు. 'న' ఆ జట్టులో లేదు. ప్రాసయతి అనుకుందామా అంటే 'నేడు', 'పేరు' లలో రెండో అక్షరాలు డ, ర. అదీ కుదరదు. 'పేరు' అనే మాటను వదులుకోకండి, మీ పద్యానికి బలం అదే. దాన్ని పాదం మొదటికి తెచ్చి చూడండి. 'మఱచితి' కి బండి ఱ వేయండి.

అరలపురుగు:
నేను సమస్యను విరిచాను. 'చదువు' ను మూడో పాదానికి అప్పగించి 'కొన్న' ను అంగడికి పంపాను.

క్రొత్త పొత్తము గనగానె కొందు నేను
పేర్చి పేర్చి బీరువ నిండె, పెట్టె నిండె
ఎన్ని చెప్పిన నేమిలే, యిదియె నాదు
చదువు! కొన్న పొత్తంబునే చదువలేదు

పాతపుట:
ఆహా! 'నాదు చదువు' అని ఆగగానే నవ్వు వచ్చింది. కొన్నది చదవకపోవడం మా ఇంట్లోనూ ఉన్న రోగమే.

నిర్వాహకుడు:
'చదువుకున్న' అనకుండా 'చదువుకొన్న' అని ఇచ్చింది ఈ విరుపు కోసమే. ఎవరు పట్టుకుంటారా అని చూస్తున్నాను. మెప్పు అయిపోయింది, ఇక తప్పు. 'పేర్చి పేర్చి బీరువ నిండె' లో పేర్చింది మీరు, నిండింది బీరువ. క్త్వార్థకానికీ ('పేర్చి' వంటిది) సమాపక క్రియకూ ('నిండె' వంటిది) కర్త ఒక్కడే ఉండాలి కదా. 'పేర్చ బేర్చ బీరువ నిండె' అంటే ఆ చిక్కు పోతుంది, గణాలూ యతీ చెక్కుచెదరవు.

ముందుచూపు:
'బీరువా' ను 'బీరువ' చేయడం ఛందస్సు కోసం దీర్ఘం కోసేయడం కాదా?

అరలపురుగు:
రమా రమ అయింది, సీతా సీత అయింది. బీరువాకు మాత్రం ఎందుకు మినహాయింపు? 'పేర్చ బేర్చ' సవరణకు ధన్యవాదాలు, స్వీకరించాను. పేర్చి ఊరుకోవడం కంటే పేరుస్తూనే ఉండడం నా స్వభావానికి దగ్గరగా కూడా ఉంది.

కొత్తకలం:
ఇలా కూడా విరవవచ్చా? 'చదువు కొన్న', అంటే డబ్బు పోసి చదువును కొనుక్కున్నవాడు పుస్తకమే చదవలేదని?

నిర్వాహకుడు:
ఊహ మంచిది, అన్వయం కుదరదు. 'కొన్న' పక్కనే 'పొత్తంబు' ఉంది కాబట్టి ఆ విశేషణం పుస్తకానికే అంటుకుంటుంది. చదువును కొన్నది పుస్తకం అవుతుంది! 'కొన్నవాడు' అని ఉంటేనే మీ అర్థం వస్తుంది. ఆ ఊహను మరో సమస్యకు దాచుకోండి.

ముందుచూపు:
మీరంతా సమస్యలో ఉన్నది పశ్చాత్తాపం అనుకుంటున్నారు. నాకది గొప్పగా చెప్పుకోవలసిన మాటలా వినిపించింది. 'చదివిన పుస్తకాన్నే పట్టుకుని కూర్చోలేదు' అని.

ఆయువో కొంచె, మెన్నియో యవనిమీద
గ్రంథములు, క్రొత్తవానిని గాంచ దలచి
వెనుదిరిగి చూడ కేగితి వేడ్క తోడ
చదువుకొన్న పొత్తంబునే చదువలేదు

లెక్క కూడా చెబుతాను. వారానికి ఒక పుస్తకం చొప్పున ఎడతెగకుండా చదివితే ఏడాదికి 52. యాభై ఏళ్లు చదివితే 2,600. అంతే! జీవితమంతా కలిపి అంతే. అందులో ఒక దాన్ని రెండోసారి చదివారంటే, ఎన్నడూ తెరవకుండా పోయే పుస్తకం ఒకటి పెరిగినట్టే.

నిర్వాహకుడు:
విరుపు లేకుండా, ఒక్క అక్షరం కదపకుండా 'ఏ' కారం మీద ఊనిక మార్చి అర్థాన్ని తిరగేశారు. ఇది విరుపు కంటే కష్టం. 'ఆయువో' కి 'యవని' తో యతి సరిగ్గా ఉంది. రెండో పాదం మాత్రం చూసుకోండి. 'క్రొత్తవానిని గాంచ దలచి' అంటే మీరెవరో కొత్త మనిషిని చూడబోతున్నట్టుంది. 'క్రొత్తవాటిని' అంటే గణం మారదు, అపార్థం పోతుంది.

అరలపురుగు:
వెనుదిరిగి చూడకుండా కొత్తవాని కోసం వేడుకతో వెళ్లిపోవడం! ఇది పుస్తకాల పద్యం కాదు, నవల.

ముందుచూపు:
'వాటిని' అని మార్చాను. ఇక నవ్వింది చాలు.

పాతపుట:
మీ లెక్కకు నా లెక్క. ఆ 2,600 లో ప్రతి పదోదీ చదివిన పుస్తకమే అనుకోండి. అప్పుడు పోయేవి 260, మిగిలేవి 2,340. మీ పట్టికలో నిజంగా చదివి తీరవలసినవి అన్ని ఉన్నాయా? ఎవరో బాగుందన్నారనీ, అట్ట నచ్చిందనీ, అందరూ చదువుతున్నారనీ చేర్చినవి తీసేస్తే ఎన్ని నిలుస్తాయి? చదివిన పుస్తకం నన్ను ఒకసారి మోసం చేయలేదని నాకు తెలుసు. పట్టికలో ఉన్నవాటి గురించి ఆ హామీ లేదు.

ముందుచూపు:
ఆ హామీ కోరుకోవడమే ముసలితనం. మీ అభిమాన పుస్తకం కూడా ఒకనాడు పట్టికలో ఉన్న కొత్త పుస్తకమే. ఆనాడు మీరు ఈ మాటే అనుకుని ఉంటే?

నిర్వాహకుడు:
దెబ్బ గట్టిదే, ఒప్పుకుంటాను. అయినా నా మొగ్గు పాతపుట గారి వైపే. ఇక్కడ మనం చేస్తున్నదేమిటో చూడండి. పద్యాన్ని ఒక్కసారి చదివి వదిలినవారు మనలో ఎవరైనా ఉన్నారా? మొదటిసారి గణాలు చూస్తాం, రెండోసారి యతి, మూడోసారి అన్వయం. తప్పులన్నీ ఏరాక అప్పుడు గొంతెత్తి చదివి రుచి చూస్తాం. అష్టావధానంలోనూ అంతే. పృచ్ఛకుడు (ప్రశ్న అడిగేవాడు) సమస్య ఇస్తాడు, అవధాని ఆవృత్తికి (విడతకు) ఒక పాదం చొప్పున పూరిస్తాడు, చివర ధారణలో పద్యాలన్నీ మొదటినుంచి అప్పజెబుతాడు. సభ ఎదురుచూసేది ఆ ధారణ కోసమే. అప్పటికి అందులో కొత్త పద్యం ఒక్కటీ ఉండదు.

ముందుచూపు:
నాలుగు పాదాల పద్యానికీ నాలుగు వందల పుటల నవలకూ ఒకే న్యాయమా? పద్యం మళ్లీ చదవడానికి నిమిషం చాలు.

నిర్వాహకుడు:
అందుకే 'మొగ్గు' అన్నాను, తీర్పు అనలేదు. తరువాతి పూరణ రానివ్వండి.

అంచురాత:
ఆలస్యమైంది. నేను మరోచోట విరిచాను. 'పొత్తంబు' దగ్గర ప్రశ్న. అక్కడినుంచి 'నే' అంటే నేను.

పొత్త మది యదె, మారితి పూర్తిగాను
నేను, నాడు గీచిన గీత నేడు చూడ
ఎవరు గీచిరో యనిపించె, నిదియె నేను
చదువుకొన్న పొత్తంబు? నే చదువలేదు!

పాతపుట:
నా పూరణ వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. నేను మూడు పాదాల్లో వివరించిన దాన్ని మీరు ఒక్క గీతలో చూపించారు.

అరలపురుగు:
నాకు ఇది సరిగ్గా జరిగింది. పెన్సిలుతో రెండుసార్లు గీత గీసి, అంచున ఆశ్చర్యార్థకం పెట్టిన వాక్యం ఒకటి కనబడింది. చేతిరాత నాదే. ఆ వాక్యంలో ఆశ్చర్యపోవలసింది ఏముందో ఎంత చూసినా అర్థం కాలేదు. దాని కింద గీత లేని వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను.

ముందుచూపు:
నేను ఎదుటి పక్షంలో ఉన్నా ఈ పద్యం నాకూ నచ్చింది. ఒక సందేహం: 'నే' ద్రుతాంతం. పాతపుట గారు 'నే జదివితి' అని సరిగ్గా రాశారు. ఇక్కడ 'నే జదువలేదు' కావద్దా?

నిర్వాహకుడు:
మంచి పట్టు. వ్యాకరణం ప్రకారం మీరు అన్నదే నిజం. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చకూడదు గనుక పూరకులకు వేరే దారి లేదు. ఈ విరుపు వస్తుందని నేను ఊహించలేదు, ఊహిస్తే పాదాన్ని మరోలా కట్టేవాణ్ని. వ్యాకరణం ఒక మెట్టు దిగినా భావం రెండు మెట్లు ఎక్కింది కాబట్టి చెల్లిస్తున్నాను. దీన్ని చూపి వచ్చే వారం ఎవరూ సరళాదేశాలు ఎగ్గొట్టకండి. మొదటి పాదంలో పొ–పూ యతి సరే. మూడో పాదంలో 'ఎవరు' కు 'అనిపించెన్ + ఇదియె' లోని ఇకారంతో యతి. చక్కగా అమిరింది. 'పూర్తిగాను' ఒక్కటే కొంచెం చప్పగా ఉంది.

అంచురాత:
'పూర్తిగాను' యతి కోసం వచ్చిన అతిథే. మంచి మాట దొరికితే పంపించేస్తాను.

కొత్తకలం:
సవరించిన మూడో పాదం:

పేరు కూడను మఱచితి, పిదప జూడ

నిర్వాహకుడు:
పే–పి యతి సరిపోయింది. పైగా 'పిదప జూడ' నేరుగా సమస్యలోకి జారింది. మునుపు మీ మూడో పాదం, నాలుగో పాదం పక్కపక్కన నిలబడి ఉండేవి, ఇప్పుడు చేతులు కలిపాయి. పూరణల్లో చేర్చాను.

ఎదురుచూపు:
ఇంతమంది చదవాలా వద్దా అంటున్నారు. నా బాధ వేరు. మళ్లీ చదువుదామంటే పుస్తకమే లేదు, ఎరువు (అరువు) పోయింది.

మరల జదువగ మనసాయె, మాట మఱచి
ఎరువు గొనిపోయి మిత్రుడు ఇవ్వడయ్యె
కనుల మెదలుచు నున్నది కాని నేడు
చదువుకొన్న పొత్తంబునే చదువలేదు

నిర్వాహకుడు:
మళ్లీ చదవలేని చదువరి! ఈ కోణం ఎవరికీ తట్టలేదు. రెండో పాదంలో 'మిత్రుడు ఇవ్వడయ్యె' విసంధి, అంటే చేయవలసిన సంధి చేయలేదు. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. సంధి చేస్తే గణం పోతుంది. మార్చాలి.

ఎదురుచూపు:
ఇలా అయితే?

ఎరువు గొనిపోయె మిత్రుడే, యీయ డయ్యె

నిర్వాహకుడు:
గణాలు సరి, యతి సరి, యడాగమంతో విసంధి పోయింది. 'మిత్రుడే' లో ఏకారం గణం కోసం వేసినా నింద పదునెక్కింది.

ఎదురుచూపు:
గణం కోసం వేసింది కాదండీ. ఆయన కూడా ఈ పూరణలు చదువుతారు.