అప్‌డేట్: మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి సంగతి తేలింది

బీజాపూర్ కోట బురుజు మీది కంచు ఫిరంగి మూతి దగ్గర మలిచిన జంతువేమిటి, తళ్ళికోట యుద్ధంలో దీన్ని వాడారా అని అడిగాను కదా. జవాబులిచ్చినవాళ్ళకి థాంక్స్.

జంతువు సింహమే. తెరిచిన నోట్లో కోరల మధ్య ఏనుగు నలుగుతోంది. గుండు ఆ నోట్లోంచే వస్తుంది! ఎదురుగా ఏనుగుల దళమున్న సైన్యానికి ఇంతకంటే సూటి బెదిరింపు ఏముంటుంది?

రెండోదే అసలు ఆసక్తికరం. ఇది మొదట బీజాపూర్ సొత్తు కాదు. 1549లో అహ్మద్‌నగర్ నిజాంషాహీ సుల్తానుల కోసం మహమ్మద్ రూమీ పోతపోశాడని దాని మీది శాసనమే చెబుతోంది. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం మీదికి వెళ్ళిన దక్కన్ సుల్తానుల కూటమిలో అహ్మద్‌నగర్ కూడా ఉంది కాబట్టి, అక్కడ పేలిందన్న కథ అసంభవమేమీ కాదు. గుండ్ల బదులు రాగి నాణేలు దట్టించారనీ అంటారు. బీజాపూర్‌కి చేరింది 1632లో. 1686లో కోట పడ్డాక ఔరంగజేబు కూడా తన విజయాన్ని దీని మీదే చెక్కించుకున్నాడు.

అన్నట్టు, 1854లో వేలం వేస్తే 150 రూపాయలే పలికిందట. అమ్మకం రద్దు చేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎప్పుడో కరిగించేసేవాళ్ళు.