మాల తీశాక కూడా నీసు వద్దంటున్నారు మా ఆయన, ఇంట్లోనే వండొద్దంట. ఏం చెయ్యమంటారు?

రాజాం అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యాక విజయనగరంలో ఉంటున్నాం. మా ఆయన ఏటా అయ్యప్ప మాల వేస్తారు. మాలలో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరమూ నీసు ముట్టం. కార్తీకంలో ఎలాగూ తినం కాబట్టి అదేం కష్టమనిపించదు. ఈసారి శబరిమల వెళ్ళొచ్చి మాల తీశాక, ఇక జన్మలో తిననన్నారు. సరే, ఆయనిష్టం అనుకున్నా. ఇప్పుడు కొత్తగా ఇంట్లో అసలు వండొద్దంటున్నారు, గుడ్డు కూడా. ఒళ్ళు తేలికైందంట, గ్యాస్ పోయిందంట, బాయిలర్ కోళ్ళకి హార్మోన్ ఇంజక్షన్లు చేస్తారంట, మాంసం తింటే కోపం పెరుగుతుందంట (ఆ మాట కోపంగానే చెప్తారు). ఫోన్లో ఏవో వీడియోలు చూసి రోజుకొకటి మొదలెడతారు.

నా టెన్షన్ ఏంటంటే, మొన్న రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. డాక్టరు గారు మాత్రలు రాసి కార్జం, గుడ్లు, ఆకుకూరలు బాగా తినమన్నారు. బాబు రెండో తరగతి. వాడు గుడ్డు ఒక్కటే తిన్నగా తింటాడు, పప్పు చూస్తే పారిపోతాడు. మా అత్తగారు ఇక్కడికొస్తే కొడుకు మాటే రైటంటారు, ఊరెళ్ళాక నెత్తళ్ళ పులుసు పెట్టుకుంటారు.

శాకాహారంతోనే నాకు రక్తం పడుతుందా? బాబుకి సరిపోతుందా? ఇంట్లో ఒకరు మానేస్తే అందరూ మానేయాలా? దేవుడి విషయం కదా, గట్టిగా అడగలేకపోతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

బొబ్బిలి సిస్టర్:
చెల్లెమ్మా, నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుని, రోజూ చూసేది ఇదే. ఆడవాళ్ళకి గర్భం లేనప్పుడు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 9.6 అంటే మధ్యస్థ రక్తహీనత. ఇక్కడ కార్జమా తోటకూరా అన్న వాదన తర్వాత, ముందు మాత్రలు మానకుండా వేసుకోండి. రక్తం 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి, ఒంట్లో ఇనుము నిల్వలు నిండాలి కదా. ఇనుము మాత్రలు మా దగ్గర ఉచితంగానే ఇస్తాం. వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి సగంలో ఆపేసేవాళ్ళే ఎక్కువ. రక్తం ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. నెలసరి ఎక్కువ అవుతోందా, నులిపురుగులున్నాయా, ఇవి మీ డాక్టరుతో మాట్లాడండి. కారణం పట్టకుండా ఎంత తిన్నా కారిపోతూనే ఉంటుంది.

ఇక తిండి. మాంసం, చేప, కార్జంలో ఉండే ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరలు, పప్పులు, చోళ్ళలో (రాగుల్లో) ఉండేది అంత తేలిగ్గా పట్టదు కానీ అన్నంలో నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ ముక్క నంజుకున్నా, భోజనం తర్వాత జామకాయ తిన్నా బాగా పెరుగుతుంది. మనవాళ్ళు చేసే తప్పేంటంటే భోజనం అవగానే టీ. అది ఇనుముని పట్టనివ్వదు. కనీసం గంట ఆగండి. మాత్ర కూడా టీతో, పాలతో వేసుకోకూడదు.

శాకాహారంతో రక్తం పడుతుంది. శ్రద్ధ ఎక్కువ పెట్టాలి, అంతే. బీ12 ఒక్కటే చిక్కు, అది మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, వీటిలోనే దొరుకుతుంది. మానేసిన వెంటనే ఏమీ తెలియదు, కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి ఏళ్ళ తర్వాత అరికాళ్ళు తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు అంటూ బయటపడుతుంది. మీ ఆయన షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఇంకా త్వరగా తగ్గుతుంది. ఈ మాట ఆయనకీ చెప్పండి.

కళింగపట్నం బావు:
నేను సముద్రం ఒడ్డునోడిని, నా మాట ఒక పక్కకే ఉంటుంది, ముందే చెప్తున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మర బోట్లు కదలవు. ఆ రెండు నెలలూ మా ఇళ్ళలో పచ్చి చేప కరువే, పప్పు చింతచిగురుతో, ఎండు నెత్తళ్ళతో లాగించేస్తాం. ఎవరికీ ఏమీ కాలేదు. అలాగని మిగతా పది నెలలు కవళ్ళు, కానాగంతలు కళ్ళముందు పెట్టుకుని మానేయమంటే మానేస్తామా? కవళ్ళలో గుండెకి మంచి చేసే కొవ్వు ఉంటుందని డాక్టర్లే చెప్తారు, చవక కూడా.

నాకు నచ్చంది ఇంకోటుంది. 2014లో కేంద్రం చేయించిన సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 98 మంది నీసు తినేవాళ్ళే. అమ్మవారి పండగొస్తే కోడిని మొక్కుకునేదీ మనమే. మరి నీసు తినేవాడు తక్కువ, కోపిష్టి, తామసం అని మన ఇంట్లో మన పిల్లల ముందే అనుకోవడం ఎప్పట్నుంచి మొదలైందో ఏటో. మానేసినోడు మంచోడే, కానీ మానేసినందుకు పక్కనోడికంటే పై మెట్టు ఎక్కిపోడు. అమ్మా, మీ అత్తగారు ఊరెళ్ళి నెత్తళ్ళ పులుసు పెట్టుకుంటారన్నారు చూడండి, అసలు దారి ఆవిడే చూపించారు. మీరు కూడా ఆదివారం ఆదివారం ఊరెళ్ళండి.

గరివిడి పశువైద్యం:
హార్మోన్ల సంగతి చెప్దామని వచ్చా, నేను గరివిడిలో వెటర్నరీ చదువుతున్నా. బాయిలర్ కోళ్ళకి హార్మోన్ ఇంజక్షన్లు చెయ్యరు. ఒక్కో షెడ్డులో వేలల్లో కోళ్ళుంటాయి, ఒక్కోదాన్నీ పట్టుకుని మళ్ళీ మళ్ళీ సూది వెయ్యాలంటే రైతుకి కోడి ధర కంటే కూలి ఖర్చే ఎక్కువవుతుంది. 40 రోజులకే రెండు కిలోలు తూగడానికి కారణం జాతి ఎంపిక, మేత. దశాబ్దాలుగా త్వరగా పెరిగేవాటినే ఎంచి ఎంచి జతకట్టించారు.

అనుమానపడాల్సింది యాంటీబయాటిక్స్‌ని. జబ్బు లేకపోయినా పెరుగుదల కోసం మేతలో కలిపే అలవాటు ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. దాంతో మందులకి లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి. కొలిస్టిన్ అనే మందుని పశువులకీ కోళ్ళకీ వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది కూడా. బాగా ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కాబట్టి పచ్చి కోడి కోసిన కత్తితోనే సలాడ్ కోయకుండా ఉంటే చాలావరకు నయం. మీ ఆయన భయం పూర్తిగా తప్పని అనను, భయపడాల్సిన చోట కాకుండా వేరేచోట భయపడుతున్నారు.

పూల్‌బాగ్ వంటిల్లు:
మేం పుట్టుకతో శాకాహారులం, మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. అయినా మీ ఆయన తరఫున మాట్లాడలేను. మాంసం తియ్యడం ఒక్క నిమిషం పని, దాని బదులు ఏం పెడతారన్నదే అసలు పని. మా చుట్టాల ఇళ్ళలోనూ రక్తం తక్కువున్న ఆడవాళ్ళు బోలెడుమంది. కంచంలో కొండంత అన్నం, పక్కన బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, చివర్లో పల్చటి మజ్జిగ, దీన్నే శాకాహారం అనుకుంటే అంతే మరి.

పెద్దాడవాళ్ళకి రోజుకి 46 గ్రాముల మాంసకృత్తులు కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క, మీ బాబు వయసుకి 23. అది రాకపోదు. పచ్చి కందిపప్పు వంద గ్రాముల్లో 22 దాకా ఉంటాయి, ఉలవల్లోనూ అంతే. పప్పు తిననన్నవాడికి పప్పుగా పెట్టకండి. పెసలు నానబోసి అందులో గుప్పెడు చోడి పిండి కలిపి అట్టు వెయ్యండి, మీద ఉల్లిపాయ బదులు తురిమిన క్యారెట్. సెనగలు ఉడకబెట్టి తాలింపు పెడితే మా పిల్లలు బడి నుంచి రాగానే ఖాళీ చేస్తారు. నువ్వులుండలు, పల్లీ చిక్కీ డబ్బాలో ఎప్పుడూ ఉండాలి. చోళ్ళలో కాల్షియం వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైన, పాలకంటే చాలా ఎక్కువ. మన పెద్దవాళ్ళు చోడి అంబలి తాగి పొలం వెళ్ళింది ఊరికే కాదు.

మీల్ మేకర్ ఎండువి సగానికి సగం మాంసకృత్తులే, వారానికి రెండు మూడుసార్లు వండొచ్చు. పనసపొట్టు కూర, పుట్టగొడుగులు మాంసానికి బదులని అంటారు చూడండి, అది నాలుకకి మాత్రమే, బలానికి కాదు. పనసపొట్టు నాకు ప్రాణం, అయినా నిజం చెప్పాలిగా.

ఉద్దానం గుంటడు:
మాది కవిటి పక్క, కిడ్నీ జబ్బుల ఉద్దానం. ఇక్కడ తిండి గురించి ఎవరు సలహా చెప్పినా మాకు కొంచెం భయం. మా నాన్నకి రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని, అంటే కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసిన రోజు నుంచి ఊళ్ళో అందరూ డాక్టర్లే. ఒకరు మాంసం మానేస్తే తగ్గిపోతుందన్నారు, ఒకరు కొబ్బరినీళ్ళు తాగమన్నారు. చుట్టూ కొబ్బరి తోటలే కదా. డాక్టరు గారేమో మొదట ఉప్పు మీద పడ్డారు. ఎండు చేప, ఆవకాయ, అప్పడం బంద్. మాంసమే కాదు, పప్పు కూడా కొలతగానే అన్నారు. పొటాషియం ఎక్కువుందని కొబ్బరినీళ్ళు పూర్తిగా ఆపేశారు, శాకాహారమే కదా అది. తర్వాత డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడింది, డయాలసిస్‌లో మాంసకృత్తులు పోతాయి కాబట్టి తెల్లసొన రోజూ తినమన్నారు. అప్పటిదాకా వద్దన్న మనిషికి ఇప్పుడు తప్పనిసరి. (2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక విశాఖ పరుగులు తగ్గాయి, అదొక్కటి నయం.)

మా దగ్గర ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటిదాకా తేల్చలేదు. తిండి వల్లేనని ఖచ్చితంగా చెప్పేవాడు కనబడితే నేను ఆ వీడియో ఆపేస్తా. అక్కా, మీకూ బాబుకీ కిడ్నీ జబ్బేం లేదు కాబట్టి మీ డాక్టరు చెప్పిందే చెయ్యండి. వీడియోలో చెప్పినాయన మీ రిపోర్టు చూడలేదు.

మానేసినోడు, శ్రీకాకుళం:
అందరూ ఆయన్నే అంటున్నారు కాబట్టి ఆయన తరఫున ఒకడు ఉండాలి. నేనూ మానేశా, దేవుడి కోసం కాదు. హైవే మీద కోళ్ళ వ్యాన్ వెనకాల బైక్ మీద రణస్థలం నుంచి ఎచ్చెర్ల దాకా వచ్చా ఒకరోజు, ఆ గంపల్లోంచి చూసే కళ్ళు నాకు పడలేదు. తిన్నవాళ్ళని నేనేమీ అనను. కానీ ఒకసారి మానేశాక ఆ వాసన నిజంగానే కడుపులో తిప్పుతుంది, అది నటన కాదు. వండొద్దు అనడం వెనక అది కూడా ఉండొచ్చు, అడిగి చూడండి.

మా ఇంట్లో నా భార్యా పిల్లలూ తింటారు. పెరట్లో చిన్న స్టవ్, దానికి వేరే మూకుడు, వేరే గరిటె. నేను డ్యూటీలో ఉన్నప్పుడు వండుకుంటారు. సోమవారం, శనివారం ఎలాగూ వండరు. గొడవ లేదు.

మాలలో ఒళ్ళు తేలికైందన్నారు కదా, నేనూ వేశాను మాల. ఆ 41 రోజులు మందు లేదు, సిగరెట్టు లేదు, తెల్లవారుజామునే లేచి చన్నీళ్ళ స్నానం, రాత్రికి అల్పాహారం, చాప మీద పెందలాడే నిద్ర, మైళ్ళకొద్దీ చెప్పుల్లేకుండా నడక. ఇన్ని మార్చుకుంటే ఎవరికైనా తేలిగ్గానే ఉంటుంది. ఆ ఘనతంతా మాంసం మానడానికే కట్టబెట్టేసి రాత్రి పదకొండింటికి మిర్చి బజ్జీలు తింటే గ్యాస్ మళ్ళీ వస్తుంది. నాకు వచ్చింది.

రాజాం అమ్మాయి:
అందరికీ థాంక్స్. రాత్రి ఆయనకి ఇదంతా చదివి వినిపించా. కళింగపట్నం బావుగారి దగ్గర మొహం మాడ్చారు, శ్రీకాకుళం అన్నయ్య రాసింది మాత్రం ఫోన్ తీసుకుని మళ్ళీ చదువుకున్నారు. వాసన సంగతి నిజమేనంట, నాతో ఎప్పుడూ అనలేదు. పెరట్లో స్టవ్‌కి సరే అనలేదు, వద్దనీ అనలేదు. బాబుకి బడిలో పెట్టే గుడ్డు తిననిస్తానన్నారు. ఇంట్లో గుడ్డు దగ్గర మాత్రం ఆగిపోయారు, అందులో ప్రాణం ఉంటుంది, పిల్ల కావాల్సింది కదా అంటున్నారు. దీనికి ఏం చెప్పాలి?

గరివిడి పశువైద్యం:
కొట్లో దొరికే ఫారం గుడ్లలో పిల్ల రాదండి. లేయర్ ఫారాల్లో పుంజులే ఉండవు, పెట్ట జత లేకుండానే గుడ్డు పెడుతుంది. పొదిగించినా అది కుళ్ళుతుంది తప్ప పిల్లవ్వదు. నాటుకోడి గుడ్డయితే పుంజు కలిసి ఉంటుంది కాబట్టి ఆయన అన్నట్టు కావచ్చు. అయితే ఫారాల్లో కోళ్ళని పంజరాల్లో ఇరుకుగా పెంచుతారన్నది నిజం, ఆయన బాధ అదే అయితే ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

బొబ్బిలి సిస్టర్:
ఆయన గుడ్డు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ మాత్రలు ఆగకూడదు. నాలుగు వారాలు వాడి మళ్ళీ పరీక్ష చేయించండి, ఒక్క గ్రాము అయినా పెరగాలి. పెరగకపోతే కార్జం తింటే సరిపోతుందిలే అని ఊరుకోకుండా డాక్టరు దగ్గరికెళ్ళండి. వెళ్ళినప్పుడు ఆయన్నీ తీసుకెళ్ళి బీ12 కూడా చూపించండి. షుగర్ మాత్ర వేసుకుంటారో లేదో నేనడిగినదానికి మీరు చెప్పనేలేదు.