పార్టీ ఆఫీసులో వేధింపులు: ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న:
జిల్లా పార్టీ ఆఫీసులో సోషల్ మీడియా పని చూస్తున్నానండి, నెల జీతం ఇస్తారు. ఒక సీనియర్ నాయకుడు మీటింగ్ అయ్యాక "నువ్వు కాసేపు ఉండమ్మా" అని మిగతా అందర్నీ పంపించేస్తాడు, రాత్రి 11 దాటాక "డీపీ బాగుంది" అని మెసేజ్‌లు. ఇన్‌ఛార్జికి చెబితే ఎన్నికల ముందు ఈ గొడవలెందుకు, సర్దుకుపో అన్నారు. పార్టీల్లో కూడా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి కదా?

జవాబు 1:
న్యాయంగా అయితే ఉండి తీరాలి. కానీ పార్టీకి, కార్యకర్తకు మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి కమిటీ తప్పనిసరి కాదని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది, 2025లో సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. ఒళ్లు మండే విషయం ఇది, ఎండలో జెండా మోసే ఆడవాళ్లకు దిక్కెవరు? మీకు జీతం ఉంది కాబట్టి మీరు ఉద్యోగినే అని గట్టిగా అడగొచ్చు. ఆఫీసులో పదిమంది కంటే తక్కువ ఉంటే పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లాలి. చివరిసారి జరిగిన రోజు నుంచి 3 నెలల్లోపు, రాతపూర్వకంగా ఇవ్వండి.

జవాబు 2:
అక్కా, మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు, బ్లాక్ చేసే ముందే అన్నీ దాచిపెట్టండి. స్క్రీన్‌షాట్‌లో అతని పేరు ఒక్కటే కాదు, నంబరు, తేదీ, టైం కూడా పడాలి. పోలీసు ఫిర్యాదు దారి వేరే ఉంది, బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో లైంగిక వేధింపుల సెక్షన్ 75. అక్కడ మీరు ఉద్యోగినా కార్యకర్తా అనే పేచీ రాదు.

ప్రశ్న అడిగినవారు:
జీతం బ్యాంకులోనే పడుతుంది, స్టేట్‌మెంట్ తీస్తాను. లోకల్ కమిటీ గురించి అడగడానికి సోమవారం కలెక్టరేట్‌కి వెళ్తున్నాను.